ఆకలి వేళకు మోగే ఫోను: విశాఖ నుంచి 16 వారాల ప్రాజెక్టు డైరీ

కార్తీకం, మొదటి సోమవారం

ఈ రోజు మొదలైంది. బరువు తగ్గాలనుకున్న వాళ్ళు మొత్తం 14 మంది. గాజువాక నుంచి భీమిలి దాకా చెదిరి ఉన్న ఇళ్ళు. సీతమ్మధారలో మా ఇంటి ముందు గదిలో నేను, నా ఫోను. ఈ 16 వారాలూ వాళ్ళు నా దగ్గరికి రారు, నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళను. బరువు వాళ్ళే చూసుకుని పంపాలి, కంచం ఫోటో తీసి పంపాలి, వారానికి రెండుసార్లు నాతో మాట్లాడాలి. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి ఉండవు. ధాన్యం, పప్పు, కూర, ఆకు, పండు, గింజ ఉంటాయి. నూనె మాత్రం కొలత ప్రకారమే.

డైటీషియన్‌గా పనిచేసిన ఇన్నేళ్ళలో నాకు తీరని కొరత ఒకటి మిగిలిపోయింది. మనిషి నా ఎదుట కూర్చునే పావుగంటలో ఆయనకు ఆకలి ఉండదు, పక్కన పొయ్యి ఉండదు, "ఇంకో రెండు వేయనా" అని అడిగే వాళ్ళు ఉండరు. నేను రాసిచ్చిన చీటీని బుద్ధిగా మడిచి జేబులో పెట్టుకుంటారు. మూడు నెలలకు అదే బరువుతో, కొంచెం సిగ్గుతో తిరిగి వస్తారు. ఆ సిగ్గు చూసినప్పుడల్లా తప్పు నాదేననిపించేది. తినే చోట నేను లేను. ఫోనైతే అక్కడికి చేరగలదేమో చూడాలి.

16 వారాలు అనుకోవడానికి కారణం ఉంది. అమెరికాలో 3,234 మందితో జరిగిన మధుమేహ నివారణ అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. అక్కడ జీవనశైలి మార్పు నేర్పిన వర్గానికి మొదట 16 పాఠాలు ఉండేవి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యాలు. మధుమేహం వచ్చే ముప్పు ఆ వర్గంలో 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకున్న వర్గంలో 31 శాతం. ఆ లక్ష్యాలనే తీసుకున్నాను. ఆహారం మాత్రం న్యూజిలాండ్‌లోని గిస్‌బోర్న్ పట్టణంలో జరిగిన బ్రాడ్ అధ్యయనం దారిలో పెట్టాను. 2017లో ప్రచురించిన ఆ అధ్యయనంలో కేలరీలు లెక్కపెట్టమనలేదు, కడుపు నిండా తినమన్నారు. కానీ అంతా ముడి రూపానికి దగ్గరగా ఉండే మొక్కల ఆహారం, కొవ్వు చాలా తక్కువ. ఆరు నెలలకు బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె, సగటున 4.4 తగ్గింది.

మా డాక్టరు గారు అందరి రక్త పరీక్షలూ చూశారు. మందుల జోలికి నేను వెళ్ళను, అది ఆయన పని. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోనులో మందు రాసే అధికారం రిజిస్టరు అయిన డాక్టరుకే ఉంది. బీ12 మాత్ర అందరికీ మొదటి రోజు నుంచే మొదలుపెట్టించారు. మొక్కల ఆహారంలో ఆ విటమిను దొరకదు. పైగా ఆకుకూరల్లో దండిగా ఉండే ఫోలేటు అనే మరో విటమిను, బీ12 లోపం వల్ల రక్తంలో కనబడే గుర్తులను కప్పేయగలదు. నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూ ఉంటాయి. అందుకే ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు.

కార్తీకంలో మొదలుపెట్టడం కావాలని చేసిందే. చాలా ఇళ్ళలో ఈ నెల నీచు ముట్టరు. సగం పని పంచాంగమే చేసిపెడుతుందని నా ఆశ.

మొదటి వారం, గురువారం

బరువు మిషన్ల గొడవతోనే మూడు రోజులు గడిచాయి. మధురవాడ అమ్మాయి నిన్నటికీ ఈ రోజుకీ 2 కిలోలు తగ్గానని సంబరంగా పంపింది. వీడియో కాల్ చేసి చూస్తే మిషను తివాచీ మీద ఉంది. ఇక అందరికీ ఒకటే పద్ధతి: గట్టి నేల, ఎప్పుడూ అదే పలక మీద, ఉదయం కాలకృత్యాలయ్యాక, టీ తాగక ముందు, సోమ గురువారాల్లో మాత్రమే. నడుము కొలత నెలకోసారి, బొడ్డు దగ్గర టేపుతో.

మొదటి వారం దిగే బరువుకు పొంగిపోవద్దని కూడా చెప్పాను. ఒంట్లో నిలవ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం తనతో పాటు దాదాపు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు పోయేది అదే. ఈ మాట ఇప్పుడే చెప్పకపోతే మూడో వారంలో ముల్లు కదలనప్పుడు గుండె జారిపోతుంది.

అక్కయ్యపాలెం ఆవిడ బీఎంఐ 24.6. "నేను లావేమీ కాదని మా ఇంట్లో అంటున్నారు, పేరు తీసేయండి" అని అడిగారు. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం కింద లెక్క. నడుము ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకూడదు. ఆవిడ నడుము 91. పేరు తీయలేదు.

రెండో వారం, ఆదివారం

ముడసర్లోవలో వనభోజనాలు. నా 14 మందిలో ఐదుగురు ఎవరి బంధువులతో వాళ్ళు వెళ్ళారు. ఐదు ఫోటోలు వచ్చాయి: పులిహోర, బూరెలు, గారెలు, చక్రపొంగలి, వంకాయ కూర మీద తేలుతున్న నూనె. ఉసిరిచెట్టు కింద కూర్చుని తిన్నారు, ఒక్క ముక్క నీచు లేదు. గురువారం ఐదుగురిలో నలుగురి బరువు పెరిగే ఉంటుంది.

పంచాంగం సగం పని చేసిపెడుతుందన్న నా లెక్క తప్పు. నీచు మానడం వేరు, నేను చెబుతున్న ఆహారం వేరు. కార్తీకమంతా మాంసం మానేసి రెండు కిలోలు పెరిగిన వాళ్ళను ప్రతి ఏటా చూస్తూనే ఉన్నాను, అయినా ఆ రెంటినీ ముడిపెట్టి ఆశపడ్డాను. సగ్గుబియ్యం ఉపవాసం, నెయ్యి ఓడే ప్రసాదం, మధ్యాహ్నం పడుకుని లేచాక బజ్జీ, వీటిలో ఎక్కడా నీచు లేదు కదా.

సాయంత్రం నుంచి నూనె లెక్క మొదలుపెట్టాను. రోజుకు ఎన్ని చెంచాలు పోస్తారని అడిగితే నిజం తెలియదు. చెప్పేవాళ్ళు అబద్ధమాడటం లేదు, పోసే చేతికి లెక్క ఉండదు అంతే. అందుకని నూనె డబ్బా మూత తీసిన రోజు తేదీని పెన్నుతో డబ్బా మీదే రాయమన్నాను. ఖాళీ అయిన రోజు మళ్ళీ రాయాలి. నలుగురున్న ఇంట్లో 5 లీటర్ల డబ్బా నెలలో అయిపోతే మనిషికి రోజుకు దాదాపు 42 మిల్లీలీటర్లు. అంటే సుమారు 38 గ్రాములు, 340 కేలరీలకు పైమాటే. ఇక కంచంలో ఏముందో చూడకుండానే ఆ ఇంటి గురించి నాకు చాలా తెలిసిపోతుంది.

మూడో వారం, సోమవారం రాత్రి

చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా రాయాలి.

పెందుర్తి మాస్టారు రిటైరైన లెక్కల ఉపాధ్యాయులు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటానని నాతో చెప్పలేదు, ఉంటారా అని నేనూ అడగలేదు. ఉదయం మాత్ర వేసుకున్నారు, తిండి లేదు. సాయంత్రం ఐదుంబావుకు ఆయన భార్య ఫోను చేశారు: ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. మిషనులో షుగరు చూడమన్నాను. బాగా పడిపోయింది: 58. నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వమంటే మాస్టారు తల అడ్డంగా ఊపుతున్నారట, ఇంకా నక్షత్ర దర్శనం కాలేదని.

"శివుడికి నేను చెప్పుకుంటాను, మీరు ముందు తాగండి" అని ఆవిడ గట్టిగా కసిరి తాగించారు. పావుగంటకు 84. ఆ తర్వాత అరటిపండు, రెండు ఇడ్లీలు. డాక్టరు గారు అప్పటికప్పుడు మాట్లాడి గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించారు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. తిండి మారినప్పుడు మందు మోతాదు కూడా మారాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళ పేర్లు వేరుగా రాసి, ఆహారం మార్చే ముందే డాక్టరు గారి ముందు పెట్టాల్సింది. మొదటి వారం పనుల్లో అది వాయిదా పడింది. ఈ రాత్రే ఆ జాబితా చేశాను: ముగ్గురున్నారు. పక్కన ఇంకో గడి గీశాను, "ఉపవాసాలు" అని. మన ఊళ్ళో ఏ ఆహార ప్రణాళిక రాసినా ఆ గడి లేకుండా రాయకూడదు.

నాలుగో వారం

వాట్సాప్ గ్రూపులో ఎవరో తమ బరువు పెట్టారు, చప్పట్ల బొమ్మలు వచ్చాయి. మర్నాడు ఇంకో ముగ్గురు పెట్టారు. ఆ రాత్రి ఒకావిడ చప్పుడు లేకుండా గ్రూపు వదిలేశారు. తర్వాత ఫోనులో చాలాసేపు మౌనంగా ఉండి, "అందరివీ దిగుతున్నాయి, నాది ఒక్కటే దిగటం లేదు" అన్నారు. గ్రూపులో అంకెలు నిషేధించాను. ఇక అక్కడ వంటలు, కూరగాయల ధరలు, నడక ఫోటోలే. బరువు నాకూ ఆ మనిషికీ మధ్యనే ఉంటుంది.

పోలి పాడ్యమి మర్నాడు

నెల రోజుల నియమం ముగిసింది. ఊరంతా చేపల వాసన. పూర్ణా మార్కెట్‌లో చేపలు అమ్మే ఆవిడ పొద్దున్నే ఫోను చేశారు. హార్బరులో తెల్లవారుజామున పాటలో సరుకు కొని, మధ్యాహ్నం దాకా అమ్మి, ఇంటికి వెళ్ళే మనిషి. కార్తీకంలో 2 కిలోలు తగ్గారు.

"అమ్మా, ఇక నా వల్ల కాదు. నేను చేప తినడం లేదంటే బేరానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? ఈవిడ తిననిది మనకు అమ్ముతోంది, చేపకు ఏదో ఉంది అనుకోరా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకు నియమం ఉంది, ఆవిడకు అంగడి ఉంది. రెండు రోజులు ఆలోచించాను. ప్రాజెక్టు కాగితం ప్రకారం ఆవిడ పేరు కొట్టేయాలి. కొట్టేయలేదు. మధ్యాహ్నం అన్నంలో ఒక ముక్క చేప పులుసు, మిగతా అంతా మన పద్ధతే అని ఒప్పుకున్నాం. లెక్కలో ఆవిడను వేరే వరుసలో రాస్తాను, ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. మనిషి చేయి వదిలేసి కాగితాన్ని శుభ్రంగా ఉంచుకోవడం నాకు చేతకాదు.

ఆరో వారం

కాల్స్ వేళ మార్చాను. ఇన్నాళ్ళూ పొద్దున పదింటికి మాట్లాడుతున్నాను. ఆ వేళకు అందరూ కడుపు నిండి, తీరిగ్గా, మంచి ఉద్దేశాలతో ఉంటారు. నా క్లినిక్ లోపమే మళ్ళీ ఫోనులోకి వచ్చి కూర్చుంది! ఆరు వారాల ఫోటోలు ముందేసుకుని చూస్తే చేయి జారిన ప్రతి సంఘటనా సాయంత్రం నాలుగూ ఆరూ మధ్యే ఉంది. ఆఫీసు నుంచి వచ్చే దారిలో బజ్జీల బండి, బీచ్ రోడ్డులో మురీ మిక్స్చర్, ఇంట్లో టీతో పాటు బిస్కెట్లు. ఇక నుంచి నాలుగున్నరకు మోగుతుంది. మూడు నిమిషాల కాల్, అంతే. "ఇప్పుడు చేతిలో ఏముంది?" అన్నది ఒక్కటే ప్రశ్న.

ఫోనులో మాట ఒంటిని మారుస్తుందా అన్న అనుమానం నాకూ వస్తూ ఉంటుంది. అలాంటప్పుడు మన దేశంలోనే జరిగిన పని గుర్తు చేసుకుంటాను. చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 537 మంది మగవాళ్ళను తీసుకుని, ఒక వర్గానికి సెల్‌ఫోనుకు సందేశాలు పంపుతూ వచ్చింది. 2013లో వచ్చిన ఫలితాల్లో, రెండేళ్ళలో సందేశాలు అందిన వాళ్ళలో 18 శాతం మందికి మధుమేహం వచ్చింది, అందని వాళ్ళలో 27 శాతం మందికి. చిన్న సందేశానికే అంత బలముంటే, వేళ చూసి మోగే గొంతుకు ఇంకా ఎక్కువే ఉండాలని నా నమ్మకం.

ప్రతి ఒక్కరితో ఒక వాక్యం రాయించాను. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త చూపిన పద్ధతి ఇది: "తగ్గించుకుంటాను" అనే సంకల్పం కన్నా "ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను" అనే ముడి గట్టిగా నిలుస్తుంది. అక్కయ్యపాలెం ఆవిడ రాసింది నాకు నచ్చింది: "టీ గ్లాసు కుడి చేతిలోకి వచ్చినప్పుడు, ఎడమ చేతిలో శనగ గుగ్గిళ్ళ గిన్నె ఉంటుంది." రెండు చేతులూ నిండాయి, బిస్కెట్‌కు చోటు లేదు.

ఉక్కు కర్మాగారంలో పనిచేసే అన్నయ్యకు మాత్రం నాలుగున్నర పనికిరాదు. సి షిఫ్టు వారంలో ఆయనకు ఆకలి తెల్లవారుజామున మూడింటికి. ఆ వేళకు నేను లేవలేను. ఆయన కూతురు ఎనిమిదేళ్ళ పిల్ల, "నాన్నా, క్యారేజీ తెరువు" అని గొంతు రికార్డు చేసి ఫోనులో అలారంగా పెట్టింది. క్యారేజీలో ఉడికించిన పెసలు, జామకాయ. వారమంతా క్యాంటీన్ వైపు వెళ్ళలేదట. ఆ పిల్ల ఈ ప్రాజెక్టులో పనిచేస్తున్నట్టే లెక్క.

ఏడో వారం

ఈ వారం గురించి ఎక్కువ రాయాలి.

గాజువాక దంపతుల్లో భర్త మా ప్రాజెక్టులో ఉన్నారు. చెప్పినదానికల్లా "సరే మేడమ్" అంటారు, ముల్లు కదలదు. వీడియో కాల్‌లో వంటింటి వైపు ఫోను తిప్పమన్నాను. పొయ్యి దగ్గర ఉన్నది వాళ్ళమ్మగారు. అన్నం వడ్డించేది, కూర తాలింపు పెట్టేది, కొడుకు లేస్తుంటే "ఇంకొంచెం వేసుకో నాయనా" అనేది ఆవిడే. ఏడు వారాలుగా నేను వంట చేయని, వడ్డించని మనిషితో మాట్లాడుతున్నాను!

"పెద్దమ్మగారూ, మీతో మాట్లాడాలి" అన్నాను. మొదట ముభావంగా ఉన్నారు. కొడుక్కు తిండి తగ్గించమంటున్న మనిషిని ఏ తల్లి ఇష్టపడుతుంది? నేను తగ్గించమనలేదు. కడుపు నిండాల్సిందే, దేనితో నిండాలన్నదే నా బాధ అన్నాను. 100 గ్రాముల అన్నంలో దాదాపు 130 కేలరీలు ఉంటాయి. నూనె తక్కువగా వండిన ఆనపకాయ, బీరకాయ, తోటకూర అంతే తూకం తింటే అందులో సగం కూడా రావు, పొట్ట మాత్రం అంతే నిండుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి ఈ సంగతే చూసింది. కొవ్వు తక్కువ ఉన్న మొక్కల ఆహారం పెట్టిన రెండు వారాల్లో, కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసాహారపు రెండు వారాల కన్నా రోజుకు సుమారు 690 కేలరీలు తక్కువ తిన్నారు. తినడం తగ్గించమని ఎవరూ చెప్పలేదు.

అంతా విని పెద్దమ్మగారు కాసేపు ఆగి అడిగారు: "అయితే అన్నం హస్తంతో కూర వేసి, కూర గరిటెతో అన్నం వేయమంటావా?"

నేను ఇన్నేళ్ళుగా గ్రాముల్లో, కప్పుల్లో, కంచం బొమ్మల్లో చెప్పలేకపోయినది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ రాత్రే 14 ఇళ్ళకూ అదే మాట పంపాను: అన్నం వడ్డించే పెద్ద హస్తం కూరకు, కూర వడ్డించే చిన్న గరిటె అన్నానికి. లెక్క లేదు, తూకం లేదు. రెండు గరిటెలు చేతులు మారడమే.

ఈ మార్పుతో ఫోటోలు కూడా నాకు పనికొచ్చాయి. మామూలు ఫోటోలో అన్నం లోతు తెలియదు, కూరలో నూనె తెలియదు. ఇప్పుడు ఏ గరిటె ఏ గిన్నెలో ఉందో చూస్తే చాలు.

ఇక నుంచి ప్రతి ఇంట్లో రెండో కాల్ వడ్డించే చేతికే. కొన్ని ఇళ్ళలో అది కోడలు, ఒక ఇంట్లో వంటమనిషి. మాస్టారి ఇంట్లో ఆయన భార్య. ఆవిడకు నేను చెప్పేదేమీ లేదు, నాకే చెబుతున్నారు.

ఎనిమిదో వారం, వంటింట్లో

పెరుగు. ఫిర్యాదుల్లో సగం దీని మీదే. నూనె తగ్గించమంటే వింటారు, బజ్జీ మానేయమంటే వింటారు. ఆఖరి ముద్ద పెరుగన్నం లేకుండా భోజనం అయినట్టే ఉండదంటారు. అది నాకూ తెలుసు. అందుకని వేరుశనగ పెరుగు నేనే తోడువేసి చూశాను.

మొదటిసారి: 100 గ్రాముల పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, అరలీటరు నీళ్ళతో మెత్తగా రుబ్బి వడకట్టాను. కలుపుతూ కాచాను. ఒక్క నిమిషం ఏమరుపాటుకు అడుగంటింది, ఆ మాడు వాసన పాలంతా పట్టింది. పారబోశాను.

రెండోసారి: సన్న మంట, మందపాటి గిన్నె. గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయ తొడిమలు ఆరు వేసి మూత పెట్టాను. తొడిమల మీద సహజంగా ఉండే సూక్ష్మజీవులే తోడు. కానీ డిసెంబరు చలికి తెల్లారేసరికి పాలు పాలలాగే ఉన్నాయి.

మూడోసారి: ఇడ్లీ పాత్రలో వేడినీళ్ళు పోసి, అందులో గిన్నె పెట్టి, పైన తువాలు చుట్టాను. పది గంటలకు తోడుకుంది. పలచగా, కొంచెం పల్లీ వాసనతో. ఆ పెరుగే రెండు చెంచాలు తోడు వేస్తే మర్నాటిది గట్టిగా వచ్చింది. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి చిలికి అన్నంలో కలిపితే బాగుంది. పల్లీల్లో దాదాపు సగం కొవ్వే కనుక రోజుకు ఒక చిన్న గిన్నె చాలని హద్దు పెట్టాను. వీడియో పంపాను. ఆరు ఇళ్ళలో చేశారు. ఇద్దరు అది మాకొద్దని చెప్పి భోజనం చారుతో ముగిస్తున్నారు. అదీ బాగానే ఉంది.

ఎనిమిదో వారం, గురువారం

మార్గశిర గురువారం. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర వరుసలో నిలబడి మధురవాడ అమ్మాయి ఫోను చేసింది: "ప్రసాదం వద్దనవచ్చా అక్కా?" వద్దనకు, ఒక చెంచా కళ్ళకద్దుకుని తిను, మిగతాది పక్కవాళ్ళకు పంచు అన్నాను.

పదకొండో వారం

రాయడం పలచబడింది. ఫోటోలు పంపేవాళ్ళు తొమ్మిది మందే. 2008లో అమెరికాలో దాదాపు 1,700 మందిపై వచ్చిన ఒక అధ్యయనంలో, వారానికి ఆరు రోజులు తిన్నది రాసుకున్నవాళ్ళు, ఒక రోజో అసలు లేకుండానో రాసుకున్నవాళ్ళ కన్నా దాదాపు రెట్టింపు బరువు తగ్గారు. మా దగ్గరా పోలిక అలాగే కనబడుతోంది. కానీ రాయండి రాయండి అని వెంటపడితే నేను ఇంకో అత్తగారినవుతాను. ఫోటో వద్దు, రోజు చివర ఒక్క వాయిస్ మెసేజ్ చాలు అని మార్చాను. ఇద్దరు తిరిగి వచ్చారు.

పన్నెండో వారం, సంక్రాంతి

అరిసెలో జంతువేదీ లేదు. కొత్త బియ్యప్పిండి, అనకాపల్లి బెల్లం, నువ్వులు, నూనె. నా నియమాల కాగితంలో ఎక్కడా దొరకదు. అందుకే కాగితాన్ని నమ్ముకోకుండా పండుగకు వారం ముందే ఒక్కొక్కరితో ఫోనులో మాట్లాడాను: ఏ ఇంటి అరిసె, ఏ పూట, ఎన్ని. మానేస్తానని చెప్పినవాళ్ళ మాట మీదే నాకు నమ్మకం కలగలేదు. "మా అక్క చేసిన అరిసెలు రెండు, భోగి నాడు మధ్యాహ్నం అన్నం బదులు" అన్న మాస్టారి మాట నమ్మాను.

కనుమ నాడు మినుము తినాలంటారు కదా, గారెల బదులు మినప్పప్పు ఆవిరి కుడుములు చేసిన ఇల్లు ఒకటే ఒకటి. గాజువాక పెద్దమ్మగారిది.

పదమూడో వారం

ముగ్గురు ఫోను ఎత్తడం లేదు. పండుగకు నాటుకోడి తిన్నారని, అందుకే ముఖం చాటేస్తున్నారని వాళ్ళ ఇళ్ళ నుంచి తెలిసింది. ఒక పూట జారడం వేరు, జారాను కనుక ఇక అయిపోయిందని వదిలేయడం వేరు. వ్యసనాలపై పనిచేసిన అలన్ మార్లాట్ ఈ తేడాను ఎంతో శ్రద్ధగా పట్టి చూపాడు. బరువును తిరిగి తెచ్చేది రెండోదే.

ముగ్గురికీ ఒకటే వాయిస్ మెసేజ్ పంపాను: "కోడి బాగుందా? ఈ రాత్రికి ఏం వండుతున్నారు?" ఇద్దరు గంటలోపే ఫోను చేశారు. ఒకావిడ ఏడ్చారు. మూడో ఆయన నుంచి ఇంకా జవాబు లేదు. రోజూ నాలుగున్నరకు ఒకసారి మోగిస్తున్నాను.

పదిహేనో వారం

పద్మనాభం వైపు ఒక ఇంట్లో చోళ్ళ (రాగుల) గురించి పెద్ద చర్చ జరిగింది. ఉదయం టిఫిను బదులు చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి అని నేను సూచించాను. పాలు మానినప్పుడు కాల్షియానికి అది మంచి ఆధారం. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ ఇంటి తాతగారు ఫోను తీసుకుని అన్నారు: "అమ్మా, అంబలి తప్పించుకోవడానికే కదా మా పిల్లలను చదివించుకున్నాం."

నేను మారు మాట్లాడలేకపోయాను. వరి అన్నం ఆ ఇంటికి రెండు తరాల కష్టం. దాన్ని తీసి పక్కన పెట్టమనడానికి నాకు పోషక విలువల పట్టిక ఒక్కటీ సరిపోదు. అంబలి వదిలేశాం. చోడి పిండితో మునగాకు రొట్టెలు చేశారు, తాతగారు కూడా తిన్నారు.

పదహారో వారం, శివరాత్రి ముందు రోజు

"ఉపవాసాలు" గడి చూసి, మాస్టారితో, డాక్టరు గారితో ముందే మాట్లాడాను. గ్లిమెపిరైడ్ ఇప్పుడు పూర్తిగా తీసేశారు. రేపు పండ్లు తింటారు, ఉదయం, సాయంత్రం షుగరు చూసి పంపుతారు.

లెక్కలు. 14 మందిలో 11 మంది చివరి దాకా ఉన్నారు. 7 శాతం లక్ష్యం చేరినవాళ్ళు నలుగురే. ఇంకో ఐదుగురు 3 నుంచి 5 శాతం మధ్య ఉన్నారు. ఇద్దరి బరువు ఏమీ మారలేదు. గాజువాక పెద్దమ్మగారి అబ్బాయి మొదటి ఆరు వారాల్లో 700 గ్రాములు, గరిటెలు మారాక పది వారాల్లో 5.2 కిలోలు తగ్గారు. పక్కన పోల్చడానికి ఇంకో వర్గం లేదు కనుక ఇది మొక్కల ఆహారం చేసిందా, ఫోను చేసిందా, పెద్దమ్మగారు చేశారా అని విడదీసి చెప్పే హక్కు నాకు లేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ తూకం చూస్తాను, అప్పటికి ఎంత నిలిచిందన్నదే నాకు ముఖ్యం.

సాయంత్రం చేపలు అమ్మే ఆవిడ వాయిస్ మెసేజ్ పంపారు. వెనకాల మార్కెట్ రొద. 3.4 కిలోలు తగ్గారు, వేరే వరుసలో.

"అమ్మా, ఒక మాట. నువ్వు నాలుగున్నరకు ఫోను చేస్తావు. ఆ వేళకు నేను తినేసి పడుకుని ఉంటాను, లేచి నీతో మాట్లాడుతున్నాను. నాకు చేయి జారేది పొద్దున పదకొండింటికి. తెల్లారగట్ల లేచిన మనుషులం, అప్పటికి కడుపు మాడిపోతుంది. పక్క బండి మీద పూరీలు వేస్తుంటారు. నేను, నా పక్క అంగళ్ళ వాళ్ళు నలుగురు, వాళ్ళూ చేరతామంటున్నారు. మాకు పదకొండింటికి చెయ్యి."

పది వారాలుగా ఆవిడ నిద్ర చెడగొట్టానని ఇప్పుడు తెలిసింది. రెండో విడత పట్టిక తీశాను. పేరు, వయసు, మందులు, ఉపవాసాలు, వడ్డించే చేయి. వాటి పక్కన ఇంకో గడి గీసి "ఆకలి వేళ" అని రాశాను. మొదటి ఐదు వరుసల్లో: ఉదయం 11.